ఇంటి వైఫై, ప్రైవేట్ ఐపీ చిరునామాలు

ఫోను తెర మీద వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఉండి, నెట్ మాత్రం రాకపోవడం వైఫై ఉన్న ప్రతి ఇంటికీ పరిచయమైన ఇబ్బందే. అటువంటప్పుడు సాధారణంగా రౌటర్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తారు. అప్పటికీ రాకపోతే కేబుల్ ఆపరేటరుకు ఫోన్ చేసి ఎదురుచూస్తారు. ఈ రెండింటికీ ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ ఫోనుకు లేదా కంప్యూటరుకు ఆ సమయంలో ఉన్న ఐపీ అడ్రస్ ఏమిటో చదవాలి. లోపం పరికరానికీ రౌటర్‌కూ మధ్య ఉన్నదా, ఇంట్లోని రెండు రౌటర్ల మధ్య ఉన్నదా, ఇల్లు దాటి నెట్ ఇచ్చే సంస్థ వద్ద ఉన్నదా అనే సంగతి చాలావరకు ఆ చిరునామాను బట్టే తెలిసిపోతుంది. చిరునామా ముందు, స్విచ్ తరువాత. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాట చుట్టూనే సాగుతుంది.

ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి పరికరానికీ ఉండే సంఖ్యారూపమైన చిరునామా. ఇళ్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది 1981లో ప్రమాణంగా వెలువడిన నాలుగో వెర్షన్. అందులో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలుంటాయి, ఒక్కొక్కటి సున్నా నుంచి 255 వరకు ఉండవచ్చు. ఈ లెక్కన ప్రపంచం మొత్తానికి దొరికే చిరునామాలు 430 కోట్లకు కాస్త తక్కువ. మనిషికొకటి చొప్పున పంచినా చాలని ఆ సంఖ్య, ఒక్కో ఇంట్లో నాలుగైదు ఫోన్లు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్, గుమ్మం మీద ఒక కెమెరా ఉండే కాలానికి ఏ విధంగానూ సరిపోదు. ఈ కొరత వస్తుందని 1990ల మొదట్లోనే గుర్తించిన ఇంటర్నెట్ ఇంజనీర్లు కొన్ని చిరునామాలను బయటి ప్రపంచంలో ఎవరికీ కేటాయించకుండా పక్కన పెట్టి, వాటిని ఎవరి ఇంట్లో వారు, ఎవరి ఆఫీసులో వారు ఏ అనుమతీ లేకుండా వాడుకోవచ్చని నిర్ణయించారు. వాటినే ప్రైవేట్ ఐపీ అడ్రస్‌లు అంటారు. నేటికీ అమలులో ఉన్న ఆ ఏర్పాటును నిర్దేశించిన పత్రం పేరు ఆర్‌ఎఫ్‌సీ 1918; అది 1996 ఫిబ్రవరిలో వెలువడింది.

ఇటువంటి శ్రేణులు మూడే ఉన్నాయి. ఇళ్లలో తరచుగా కనిపించేది 192.168తో మొదలయ్యేది, నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది అని శ్రోతలు గుర్తుంచుకుంటే ఈ ప్రసంగంలో సగం పట్టుబడినట్లే. రెండోది 10తో మొదలయ్యేది, మూడింటిలోనూ అతి పెద్దది, పెద్ద ఆఫీసులు ఎక్కువగా వాడేది. మూడోది 172తో మొదలయ్యేది, అయితే దీనికొక హద్దు ఉంది: రెండో సంఖ్య 16కూ 31కీ మధ్య ఉన్నప్పుడే అది ప్రైవేట్ చిరునామా అవుతుంది.

ఈ శ్రేణుల హద్దుల దగ్గర పొరపాట్లు జరుగుతుంటాయి కనుక ఇక్కడ కొంచెం ఆగడం అవసరం. ఎవరైనా తమ రౌటర్‌లో 172.50 అని గాని, 192.169 అని గాని సొంతంగా ఒక శ్రేణిని పెట్టుకుంటే ఇంట్లో అంతా బాగానే పనిచేస్తున్నట్లు కనిపిస్తుంది. కాని ఆ చిరునామాలు బయటి ప్రపంచంలో ఇతరులవి. వాటిలో ఏదైనా వెబ్‌సైటు ఉంటే, అది తన ఇంట్లోనే ఉన్నదని రౌటర్ భావించి, దాని కోసం బయటికి వెళ్లనే వెళ్లదు. అన్ని సైట్లూ తెరుచుకుంటూ ఒకటి రెండు మాత్రం ఎన్నటికీ తెరుచుకోని విచిత్రమైన లోపానికి కారణం ఒక్కోసారి ఇదే. అందువల్ల ఇంటి శ్రేణిని మార్చదలచినవారు 192.168ని అలాగే ఉంచి, మూడో సంఖ్యను మాత్రమే మార్చుకోవడం క్షేమం.

ఒకే చిరునామాను లక్షల ఇళ్లు ఏకకాలంలో వాడుకుంటున్నా గందరగోళం ఎందుకు రావడం లేదనే ప్రశ్న సహజం. ఊళ్లోని ప్రతి అపార్టుమెంటులోనూ 101 నంబరు ఫ్లాటు ఉంటుంది. అయినా ఉత్తరాలు తారుమారు కావు, ఎందుకంటే బయటి నుంచి వచ్చేవారికి కావలసింది భవనం చిరునామా, లోపల ఎవరిది ఏ ఫ్లాటో చూసి అందజేసే పని వాచ్‌మన్‌ది. రౌటర్ చేసేది సరిగ్గా ఆ పనే. ఇంట్లోని పరికరాలు బయటికి పంపే ప్రతి అభ్యర్థన మీద తన బయటి చిరునామాను వేసి పంపి, జవాబు వచ్చినప్పుడు అది ఏ పరికరానిదో తన పట్టికలో చూసి దానికి చేరుస్తుంది. ఈ మార్పిడిని నాట్ అంటారు. రౌటర్‌కు మరొక బాధ్యత కూడా ఉంది. కొత్తగా వైఫైలో చేరిన ప్రతి పరికరానికీ ఖాళీగా ఉన్న ఒక ప్రైవేట్ చిరునామాను కొంత గడువుకు ఇస్తుంది. గడువు తీరేలోగా పరికరం దాన్ని పొడిగించుకుంటుంది, లేకపోతే అది మరొకరికి పోతుంది. ఇలా చిరునామాలు పంచే ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. చిరునామాలు పంచేది డీహెచ్‌సీపీ, బయటికి దారి ఇచ్చేది నాట్. ఈ రెండు పేర్లూ ఇకపై మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

చిరునామాను చదవడం కష్టమైన పని కాదు. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, వైఫైలో తమ ఇంటి నెట్‌వర్క్ పేరు పక్కనున్న గుర్తును తాకితే ఐపీ అడ్రస్, దాని దగ్గరలోనే గేట్‌వే కనిపిస్తాయి. ఐఫోనులోనూ నెట్‌వర్క్ పేరు పక్కనున్న ఐ అక్షరాన్ని తాకితే చాలు. అక్కడ గేట్‌వేను రౌటర్ అనే పేరుతో చూపుతారు. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అనే మాటను ఇంగ్లిష్ అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయాలి: ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి. గేట్‌వే అంటే పరికరం బయటికి వెళ్లే ద్వారం, అనగా రౌటర్ యొక్క సొంత చిరునామా. అది సాధారణంగా 192.168.1.1 గాని 192.168.0.1 గాని అవుతుంది, కొన్ని ఫైబర్ మోడెమ్‌లలో 192.168.100.1 ఉంటుంది. పరికరం చిరునామాలోని మొదటి మూడు సంఖ్యలూ గేట్‌వేలోని మొదటి మూడు సంఖ్యలూ ఇంటి నెట్‌వర్క్‌లో సర్వసాధారణంగా ఒకటే అయి ఉండాలి. అవి కలవకపోతే లోపం అక్కడే ఉన్నది.

ఇక చిరునామా ఏమి చెబుతుందో చూడవచ్చు. ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, అది రౌటర్ ఇచ్చినది కాదు. కంప్యూటరు చిరునామా అడిగింది, ఎవరూ పలకలేదు, చివరకు తానే ఒకటి పెట్టుకుంది. చాలా ఫోన్లు అలా పెట్టుకోకుండా, ఐపీ అడ్రస్ పొందుతున్నట్లు తెర మీద చూపుతూ అక్కడే ఆగిపోతాయి. రెంటి అర్థమూ ఒకటే: పరికరానికి డీహెచ్‌సీపీ జవాబు అందలేదు. ఇది కనిపించినప్పుడు కేబుల్ తెగిందేమోనని వీధిలోకి చూడనక్కరలేదు. రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఎవరైనా ఆపివేశారా, వైరు సరిగా కూర్చున్నదా, పంచడానికి కేటాయించిన చిరునామాలు అయిపోయాయా అని వరుసగా చూడాలి.

చివరిది పెళ్లిళ్లకూ పండుగలకూ బంధువులు దిగే ఇళ్లలో నిజంగానే జరుగుతుంది. రౌటర్ పంచవలసిన చిరునామాల సంఖ్యను ఎవరో ఇరవైకో ముప్ఫైకో పరిమితం చేసి ఉంటారు. వచ్చిన ప్రతి ఫోనూ ఒకటి తీసుకుంటుంది, గడువు ఒక రోజు అయితే వెళ్లిపోయిన అతిథి చిరునామా కూడా మరునాటి దాకా అతని పేరు మీదే ఉండిపోతుంది. అప్పుడు ఇంటివారి ఫోనుకే చోటు దొరకదు. పంచే చిరునామాల సంఖ్యను పెంచి, గడువును రెండు గంటలకు తగ్గిస్తే ఈ చిక్కు తీరిపోతుంది.

సీసీ కెమెరాల వల్ల వచ్చే చిక్కు మరొక రకమైనది. కెమెరాల దృశ్యాలను భద్రపరిచే డీవీఆర్ పెట్టె కొన్ని రకాలలో 192.168.1.108 అనే స్థిరమైన చిరునామాతోనే కర్మాగారం నుంచి వస్తుంది. అమర్చేవారు చాలాసార్లు దాన్ని అలాగే వదిలేస్తారు. అదే ఇంటి రౌటర్ 100 నుంచి 199 వరకు ఉన్న చిరునామాలను పంచుతూ ఉంటే, ఏదో ఒక రోజు ఆ 108ని ఒక ఫోనుకు ఇచ్చివేసే అవకాశం ఉంది. ఆనాటి నుంచి ఒకే చిరునామాకు ఇద్దరు యజమానులు. కెమెరా ఒక గంట కనిపిస్తుంది, మరో గంట కనిపించదు. ఆ ఫోను ఇల్లు వదిలి వెళ్లినప్పుడు అంతా బాగుంటుంది, తిరిగి రాగానే మళ్లీ మొదలవుతుంది. వచ్చి పోయే ఇటువంటి లోపాన్ని స్విచ్ ఆపి వేయడం తాత్కాలికంగా కప్పివేస్తుందే తప్ప తీర్చదు. స్థిరమైన చిరునామాలున్న డీవీఆర్, ప్రింటర్ వంటివాటిని రౌటర్ పంచే శ్రేణికి బయట, ఉదాహరణకు 20కీ 50కీ మధ్య, ఉంచాలి. లేదా రౌటర్‌లోని అడ్రస్ రిజర్వేషన్ అనే సౌకర్యంతో ఆ చిరునామాను ఆ పరికరానికే శాశ్వతంగా కట్టిపెట్టాలి. రెండో పద్ధతే మేలు, ఎందుకంటే అప్పుడు లెక్కంతా రౌటర్ ఒక్కచోటే ఉంటుంది.

అన్నింటికంటే ఎక్కువ ఇళ్లను తిప్పలు పెట్టేది రెండు రౌటర్ల వ్యవహారం. కింది అంతస్తులో నెట్ ఇచ్చే సంస్థ పెట్టిన ఫైబర్ మోడెమ్ ఉంటుంది. దానిలోనే వైఫై, నాట్, డీహెచ్‌సీపీ అన్నీ ఉంటాయి, అనగా అదే ఒక పూర్తి రౌటర్. మేడ మీదికి సిగ్నల్ చాలక ఇంటివారు దుకాణంలో మరొక రౌటర్ కొని, కింది నుంచి ఒక వైరు లాగి దానికి తగిలిస్తారు. కిందిదాని చిరునామా 192.168.1.1, కొన్నదాని చిరునామా కూడా కర్మాగారంలో పెట్టిన 192.168.1.1 అయితే సమస్య అక్కడే మొదలవుతుంది. రౌటర్‌కు రెండు ముఖాలుంటాయి: బయటి వైరు వచ్చే వాన్ వైపు ఒకటి, ఇంటి పరికరాలుండే లాన్ వైపు మరొకటి. మేడ మీది రౌటర్‌కు రెండు వైపులా ఒకే 192.168.1 శ్రేణి కనిపిస్తుంది; బయటికి పోవాలంటే 192.168.1.1ని అడగాలని దానికి చెబుతారు, కాని ఆ చిరునామా తనదే. అది తనను తానే దారి అడుగుతుంది. మేడ మీద వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, ఫోనుకు చక్కని 192.168.1 చిరునామా కూడా వస్తుంది, నెట్ మాత్రం రాదు. కొన్ని కొత్త రౌటర్లు ఈ సంగతిని పసిగట్టి తమ శ్రేణిని తామే మార్చుకుంటాయి. అన్నీ అలా చేయవు.

దీనికి మొదటి పరిష్కారం మేడ మీది రౌటర్ యొక్క లాన్ చిరునామాను 192.168.2.1కి మార్చడం. ఆ పని చేసేటప్పుడు ఒక దశలో చాలామంది కంగారుపడతారు. ఫోనును మేడ మీది వైఫైకి కలిపి, బ్రౌజరులో 192.168.1.1 అని కొట్టి, పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, లాన్ సెట్టింగ్స్‌లో మూడో సంఖ్యను రెండుగా మార్చి సేవ్ నొక్కగానే, తెర మీది చక్రం తిరుగుతూ తిరుగుతూ చివరకు పేజీ దొరకలేదని వస్తుంది. ఏదో చెడిపోయిందని భావించి వెంటనే రీసెట్ బటన్ నొక్కేవారున్నారు. చెడిపోయినది ఏమీ లేదు. రౌటర్ కొత్త చిరునామాకు మారింది, బ్రౌజరు ఇంకా పాతచోటే వెతుకుతోంది. ఫోనులో వైఫైని ఒకసారి ఆపి కలిపి, ఈసారి 192.168.2.1 అని కొడితే అదే పేజీ తెరుచుకుంటుంది. శ్రోతలు ఈ ఒక్క మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి: శ్రేణి మార్చిన వెంటనే పేజీ మాయమైతే అది పని జరిగినదనడానికి గుర్తే.

ఈ పరిష్కారంతో నెట్ వస్తుంది గాని, ఒక లోటు మిగులుతుంది. మేడ మీద ఒక నాట్, కింద ఒక నాట్ అయి, ఇల్లు రెండు నెట్‌వర్కులుగా చీలిపోతుంది. కింది గదిలోని ఫోను మేడ మీది ప్రింటరుకు కాగితం పంపలేదు, మేడ మీది టీవీకి బొమ్మ వేయలేదు. అందువల్ల ఎక్కువ ఇళ్లకు రెండో పరిష్కారమే తగినది. మేడ మీది రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి, అనగా చిరునామాలు పంచే పనీ దారి చూపే పనీ కింది మోడెమ్‌కే వదిలి, అది వైఫై సిగ్నల్ ఇవ్వడానికి మాత్రమే పరిమితం కావాలి. ఆ మోడ్ లేని పాత రౌటర్‌లో ఇదే పనిని చేతితో చేయవచ్చు: ముందు దాని చిరునామాను కిందిదాని పంపిణీలో లేని 192.168.1.2 వంటి దానికి మార్చి, డీహెచ్‌సీపీని ఆపివేసి, ఆ తరువాత వైరును వాన్ రంధ్రం నుంచి తీసి లాన్ రంధ్రాలలో ఒకదానికి పెట్టాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరచిపోయి వైరు మార్చితే మాత్రం ఇల్లంతా ఇబ్బంది పడుతుంది. అప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు చిరునామాలు పంచుతుంటారు. ఏ ఫోను ఎవరి చేతికి చిక్కితే దాని గతి అలా ఉంటుంది, కొన్నిటికి నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు. మళ్లీ చెప్పదగిన మాట: ఒక ఇంటి నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ ఒక్కటే ఉండాలి.

రీసెట్ బటన్ గురించి ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. సొంతంగా కొన్న రౌటర్‌ను రీసెట్ చేస్తే నష్టం స్వల్పం, మళ్లీ అమర్చుకోవచ్చు. సంస్థ ఇచ్చిన ఫైబర్ మోడెమ్‌ను పిన్నుతో పొడిచి రీసెట్ చేస్తే, అందులో వారు పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డు, లైన్ సెట్టింగులు తుడిచిపెట్టుకుపోయే ప్రమాదముంది; అప్పుడు వారి మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసే ఉద్యోగులకు శ్రేణుల ఘర్షణ మరొక రూపంలో ఎదురవుతుంది. వారు వీపీఎన్ ద్వారా, అనగా ఇంటర్నెట్ మీదుగా వేసిన రహస్య మార్గం ద్వారా, ఆఫీసు నెట్‌వర్క్‌లో చేరతారు. ఆఫీసులో కూడా 192.168.1 శ్రేణి ఉంటే, ఆఫీసు సర్వర్ కోసం వెళ్లవలసిన అభ్యర్థనను కంప్యూటరు ఇంట్లోనే వెతుకుతుంది. వీపీఎన్ కలిసినట్లు చూపుతుంది, ఫైళ్లు మాత్రం తెరుచుకోవు. ఆఫీసు శ్రేణిని మార్చడం ఉద్యోగి చేతిలో లేదు. ఇంటి శ్రేణిని 192.168.73 వంటి, ఎవరూ సాధారణంగా వాడని సంఖ్యకు మార్చడం అతని చేతిలో ఉన్న పని, పది నిమిషాలలో అయ్యే పని.

చివరిగా ఇంటి బయటి సంగతి. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ చిరునామా అని కనిపించే సంఖ్య 100తో మొదలై, రెండో సంఖ్య 64కూ 127కూ మధ్య ఉంటే, ఆ ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా లేదని అర్థం. నాలుగో వెర్షన్ చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న పంపిణీ అయిపోయింది. ఆ తరువాతి సంవత్సరం, 2012 ఏప్రిల్‌లో, నెట్ ఇచ్చే సంస్థలు తమ వద్దనే మరొక నాట్ నడిపి, ఒక పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచేందుకు ఈ శ్రేణిని ప్రత్యేకంగా కేటాయించారు. వాన్ వైపు 10తో మొదలయ్యే చిరునామా కనిపించినా సాధారణంగా పరిస్థితి ఇదే. సినిమా చూడటానికి, వీడియో కాల్ మాట్లాడటానికి దీనివల్ల ఇబ్బంది లేదు. కాని అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్న పిల్లలు ఊళ్లో తల్లిదండ్రుల ఇంటి కెమెరాను నేరుగా చూడాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అనగా బయటివారికి లోపలి పరికరం దాకా దారి తెరిచే ఏర్పాటు, ఎన్నిసార్లు సరిచేసినా అది పనిచేయదు, ఎందుకంటే మూసి ఉన్న తలుపు వారి ఇంటిది కాదు. అటువంటివారు రౌటర్‌తో పెనుగులాడటం మాని, కెమెరా తయారీదారు ఇచ్చే క్లౌడ్ యాప్ వాడుకోవాలి, లేదా స్థిరమైన పబ్లిక్ చిరునామా కావాలని సంస్థను అడగాలి. దానికి సాధారణంగా అదనపు రుసుము ఉంటుంది. శాశ్వతమైన పరిష్కారం ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఇవ్వగల ఐపీ ఆరో వెర్షన్. దాన్ని సంస్థ ఇస్తున్నదో లేదో అడిగి తెలుసుకోవడం వినియోగదారు హక్కు.

కనెక్షన్ ఇచ్చే సిబ్బందికి ఒక విజ్ఞప్తి. మోడెమ్ అమర్చి వెళ్లేటప్పుడు గేట్‌వే చిరునామా, పంచే శ్రేణి, కెమెరాకూ ప్రింటరుకూ ఇచ్చిన స్థిర చిరునామాలు ఒక చీటీ మీద రాసి మోడెమ్ అడుగున అంటించి వెళ్లాలి. వారు రాయకపోతే ఇంటివారైనా రాయించుకోవాలి, రెండో రౌటర్ కొన్న రోజున ఆ చీటీలో రెండో వరుస చేర్చుకోవాలి. నెట్ ఆగిన రోజున శ్రోతలు ముందుగా తమ పరికరం చిరునామా చదివి, ఆపరేటరుతో మాట్లాడేటప్పుడు ఆ సంఖ్యను కూడా చెప్పవలసిందిగా మనవి.